పొయ్యి మీద ఆరబెట్టిన ఫ్లాపీ

ఫ్లాపీ పెట్టగానే కంప్యూటర్‌లోంచి కరకరమని చప్పుడు వచ్చింది. తెర మీద చిన్న పెట్టె ఒకటి లేచింది. ఈ డిస్కు ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చెయ్యమంటారా అని ఇంగ్లీషులో అడిగింది. కింద అవును, కాదు అని రెండు మీటలు. ముప్ఫై ఏళ్ళు సర్కారు కొలువు చేసినవాణ్ణి. మర్యాదగా అడిగినదానికి అవును అనడమే నాకు అలవాటు. మౌసు అటు జరుపుతున్నాను.

“మేస్టారూ, నొక్కకండి! అవునంటే లోపలున్నదంతా తుడిచీస్తాది” అని కేకేసింది కంప్యూటర్ సెంటర్ నడిపే ఆవిడ.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తెరవమంటే తుడవమంటారా అని అడగడమేమిటో నాకు బోధపడలేదు.

పక్కన బల్ల మీద నా పాత విద్యార్థిని కూర్చుని ఉంది. కొండ మీది ఊరి పిల్ల. ఆశ్రమ పాఠశాలలో ఒకటో తరగతిలో నేనే చేర్చుకున్నాను. ఇప్పుడు అంగన్‌వాడీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. స్కూలు రిజిస్టర్ ప్రకారం ఆమె వయసు హద్దు దాటి కొన్ని నెలలైంది. కూతురు అంత పెద్దది కాదని తల్లి చెబుతుండేదట. ఆ తల్లి ఇప్పుడు లేదు. చేర్చుకున్ననాడు మేస్టారు రాసుకున్న కాగితమేదైనా ఉంటే సోమవారంలోగా తెమ్మన్నారు ఆఫీసరు. అప్పటికి శనివారం మధ్యాహ్నమైంది.

కాగితం ఉండేది. నేను రోజూ డైరీ రాసేవాణ్ణి. బిడ్డను తెచ్చిన తల్లిని ఎప్పుడు పుట్టిందని అడిగితే నెల, తేదీ చెప్పేవారు కాదు. ఏ కొండ మీద పోడు కొట్టిన ఏడు, ఏ పంట కోతలో అని చెప్పేవారు. ఆ మాటలు డైరీలో ఉన్నవి ఉన్నట్టు రాసి, లెక్క కట్టి రిజిస్టర్‌లో తేదీ వేసేవాణ్ణి. ఉద్యోగం చివరి ఏడాది బడికి కంప్యూటర్ వచ్చింది. సాయంత్రాలు కూర్చుని ఆ డైరీలన్నీ తెలుగు ఫాంటులో టైపు చేసి ఫ్లాపీల్లో దాచాను. ఆ తర్వాతి వానాకాలంలో డైరీల పెట్టెకు చెదలు పట్టాయి. అడుగున మట్టి తప్ప ఏమీ మిగల్లేదు.

దాంతో ఫ్లాపీల మీద భయం పట్టుకుంది. మా దగ్గర వానల్లో చెప్పులకు కూడా బూజు పడుతుంది. కొండ ఇళ్ళలో పొయ్యి పైన వెదురు తడిక కట్టి, దాని మీద విత్తనం దాస్తారు. పొగకు తేమ చేరదు, పురుగు ముట్టదు. చాలా ఏళ్ళు చూసినదే కాబట్టి ఫ్లాపీలను రేకు డబ్బాలో పెట్టి మా వంటింటి తడిక మీదికి ఎక్కించాను.

మా ఆవిడ అప్పుడే అడిగింది: “ఏటండీ, అవేటి జొన్నపొత్తులా? వచ్చే ఏడు నాటుతారా?”

తేమ సంగతి నీకు తెలియదన్నాను. ఏ తేదీన పెట్టానో రాసుకున్నాను కూడా.

సెంటరావిడ ఫ్లాపీని ముక్కు దగ్గర పెట్టుకుని నావైపు చూసింది.

“ఇదేటి మేస్టారూ, ఎండుచేప వాసనొస్తంది? పొగలో పెట్టినారేటి?”

చెప్పాను. ఆవిడకు నవ్వాగలేదు. పూర్వం మిషన్ స్కూల్లో టైపు నేర్పిన మనిషి, నా ఈడుకు దగ్గరగా ఉంటుంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నా విద్యార్థిని మాత్రం నవ్వలేదు. “పోయినట్టేనా అమ్మగారూ?” అని అడిగింది.

“ఉండవే గుంటా, సూద్దాం.”

బ్లేడుతో ఫ్లాపీ అంచు చీల్చింది. లోపల గోధుమరంగు పల్చటి బిళ్ళ ఉంది. నేను రాసిందంతా ఆ బిళ్ళలోనే ఉందంటే నమ్మకం కుదరలేదు. వేళ్ళు తగలకుండా పట్టుకుని దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచింది. దూది నల్లబడింది. ఇంకో కొత్త ఫ్లాపీ చీల్చి, అందులోది తీసేసి, దీన్ని ఆ తొడుగులోకి ఎక్కించి టేపు అంటించింది. రెండుసార్లు కరకరమంది. మూడోసారి ఫైళ్ళ పేర్లు వచ్చాయి. తేదీల వారీగా, నేను పెట్టిన వరుసలోనే.

ఆ పిల్లను చేర్చుకున్న నెల ఫైలు తెరిచింది. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య ప్రశ్నార్థకాలు, చుక్కలు, కొక్కేలు. ఒక్క మాటకూ అర్థం లేదు.

“తుడిస్తే చెరిగిపోయాయా?” అన్నాను.

“సెరగనేదు. మీరు టైపు సేసిన ఫాంటు నా దగ్గర నేదు. ఏ మీట నొక్కినారో అదే సూపిస్తంది.” తన దగ్గరున్న తెలుగు ఫాంట్లన్నీ వేసి చూసింది. ఒక్కోదానికి ఒక్కో రకం గజిబిజి. ఆ ఫాంటున్న బడి కంప్యూటర్ అంతకు ముందే పిడుగుకు కాలిపోయింది. రేపు ఆదివారం, ఆవిడ చర్చికి పోవాలి, సెంటర్ తియ్యదు. మాకు మూడు కాగితాలు ప్రింటు తీసి ఇచ్చింది.

బస్సులో ఆ కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాను. నేను రాసింది నేనే చదవలేకపోవడం జీవితంలో అదే మొదటిసారి. అంకెలు మాత్రం అంకెల్లాగే ఉన్నాయి. తేదీని, ప్రవేశ సంఖ్యను బట్టి ఆమె వివరం ఎక్కడుందో కనిపెట్టాం. ఐదు వరుసలు.

ఇల్లు చేరాక గుర్తొచ్చింది. టైపు నేర్చుకున్న రోజుల్లో ఏ మీట నొక్కితే ఏ అక్షరమో, ఏ గుడి, ఏ కొమ్మో ఒక పట్టిక వేసుకున్నాను. ఆ ఏటి డైరీ గోడ బీరువాలో ఉండబట్టి చెదల పాలు కాలేదు. చివరి పేజీలో పట్టిక ఉంది.

ఆదివారం పొద్దున్న నా విద్యార్థిని వచ్చింది. అరుగు మీద కూర్చున్నాం. నేను కాగితం మీది గుర్తును పట్టికలో వెతికి అక్షరం చెబుతాను, ఆమె రాస్తుంది. మొదటి వరుసకే గంట పట్టింది. తల్లి చెప్పిన మాట తేలింది: తూర్పు కొండ పోడులో రెండో ఏడు, సామ కోతలో పుట్టింది. అది ఏ సంవత్సరమో వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను. రిజిస్టర్‌కు పొంతన కుదరడం లేదు. మళ్ళీ లెక్కపెట్టాను. ఏడాది తేడా వస్తోంది.

“ముందు సెప్పండి మేస్టారూ, లెక్క తర్వాత సేద్దురు” అంది.

చెబుతూ పోయాను. ఆమె పెన్ను ఆగింది. తర్వాత కాగితం నావైపు తిప్పింది. ‘ఐదు నిండలేదు. ఐదని వేశాను. లేకపోతే హాస్టల్లో చోటు లేదు.’

అలా చేసినట్టు నాకు ఏ మాత్రం గుర్తు లేదు. టైపు చేసేటప్పుడు కూడా మీటల మీదే ధ్యాస, మాట మీద లేదు. రిజిస్టర్‌లో తప్పు రాయనివాడినని ఎన్నిసార్లు చెప్పుకున్నానో. పట్టికలో పొరపాటేమోనని ఆ వరుస మళ్ళీ మొదటినుంచి విప్పించాను. అదే వచ్చింది.

“నేను చేసిన పనికి నీ ఉద్యోగం పోయేలా ఉందే తల్లీ” అన్నాను.

“మీరట్టా రాయకపోతే నాను కొండ మీదే మేకల్ని కాద్దును. అదట్టా ఉంచండి. ఉత్తరం బేగి రాయండి, బస్సు టయమవుతంది.”

రాశాను. వయసు ఎక్కువ వేసింది నేనేనని, తెలిసే వేశానని రాసి సంతకం పెట్టాను. విప్పిన వరుసల్నీ, పట్టికకు నకలునూ జత చేశాను. సోమవారం నేనే వెంట వెళ్ళాను.

ఆఫీసరు రెండుసార్లు చదివారు. “దీనివల్ల మీకు ఇబ్బంది రావచ్చు, తెలుసా?” అన్నారు.

“తెలుసండి.”

“మరి ఎందుకు రాశారప్పుడు?”

నాకూ గుర్తు లేదండి అన్నాను. ఆయన నవ్వారో విసుక్కున్నారో తెలియలేదు. ఉత్తరం మాత్రం ఫైలులో పెట్టుకున్నారు.

కొన్నాళ్ళకు ఆమెకు ఉత్తర్వు వచ్చింది. నాకు మెమో వస్తుందని ఏడాది ఎదురుచూశాను, రాలేదు.

మిగతా ఫ్లాపీలు ఎనిమిది. వాటిని తడిక మీదినుంచి దించాను. ఆ డబ్బాలో ఇప్పుడు మా ఆవిడ గుమ్మడి విత్తనాలు పెట్టుకుంది. తెస్తే శుభ్రం చేసిస్తానని సెంటరావిడ రెండుసార్లు కబురు పెట్టింది. ఇంకెంతమందికి ఐదని వేశానో వాటిలో ఉంటుంది. తీసుకెళ్ళాలనే ఉంది. ప్రతి శనివారం సంచిలో పెడుతున్నాను, బస్సు వచ్చేసరికి తీసేస్తున్నాను.