చక్కెరకు సోలో షాట్

ఏళ్ల తరబడి ఫిజియాలజీ చెప్పి గొంతు అరగదీసుకున్న నాకు సినిమావాళ్ల పిలుపు రావడమే ఒక వింత. ఫిల్మ్‌నగర్‌లోని ఒక స్టూడియోలో బడిపిల్లల కోసం సైన్స్ పాట తీస్తున్నారు. తిన్న చక్కెర పేగు గోడ దాటి రక్తంలోకి ఎలా వెళ్తుందో డాన్సులో చూపిస్తారట. తప్పులుంటే నేను చెప్పాలి. మధురానగర్‌లో ఆటో ఎక్కింది మొదలు నాలో నేనే నవ్వుకుంటూ ఉంటే, డ్రైవర్ అద్దంలోంచి అనుమానంగా చూశాడు.

షూటింగ్ ఫ్లోర్‌లో అడుగుపెట్టగానే నోరు వెళ్లబెట్టాను. నేను ఇన్నాళ్లూ బోర్డు మీద గీసిన పేగు గోడ గులాబి మఖమల్ కట్టుకుని ఇంటి ఎత్తున నిలబడి ఉంది. దాని నిండా వేళ్లలాంటి మడతలు, మధ్యమధ్య తలుపులు. ఒక వేలిని తడిమి చూశాను. మెత్తగా ఉంది. సిగ్గులేకుండా ఇంకోసారి తడిమాను.

డాన్స్ మాస్టర్ నన్ను మానిటర్ ముందు కూర్చోబెట్టి రిహార్సల్ చూపించారు. తెల్లటి మెరుపుల గౌనులో ఉన్న అమ్మాయి గ్లూకోజు. గిరగిరా తిరుగుతూ ఒక్కతే వచ్చి, తలుపు తోసుకుని లోపలికి దూకింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టాక గుర్తొచ్చింది, నన్ను పిలిచింది అందుకు కాదని.

"గ్లూకోజు ఒంటరిగా లోపలికి వెళ్లదండీ" అన్నాను.

ఆ తలుపు దగ్గర సోడియం తోడు రావాలి, అంటే మనం తినే ఉప్పులోది. రెండు సోడియాలు చెరో చెయ్యి పట్టుకుంటేనే గ్లూకోజుకు లోపలికి దారి. ఎలుకకైనా, మేకకైనా, మనిషికైనా అదే పద్ధతి. విరేచనాలైతే నీళ్లలో చక్కెరతో పాటు ఉప్పు కూడా కలిపి తాగించేది ఇందుకే. చెబుతూ చెబుతూ హుషారెక్కి, ఇద్దరు అసిస్టెంట్ అమ్మాయిల చేతులు పట్టుకుని నేనే ఆ తలుపులోంచి గెంతి చూపించాను. మాస్టర్ పడీపడీ నవ్వి, ఇద్దరు డాన్సర్లకు నీలం చొక్కాలు వేసి సోడియాలను చేసేశారు.

గ్లూకోజు అమ్మాయి మాత్రం నవ్వలేదు. చాలాకాలంగా హీరోల వెనక, చివరి వరసల్లో ఆడుతోందట. పలకరిస్తే తలొంచుకుని చెప్పింది.

"ఏం లేదు మేడం. పాట మొత్తంల నేనొక్కదాన్నే కనబడేది గీ షాట్లనే. మా అమ్మకు గూడ చెప్పిన."

సైన్సును మార్చలేను, ఆ ముఖం చూడలేను. అందరి ముందూ పంతులమ్మ వేషాలు వేసిన నా మీద నాకే ఒళ్లు మండింది.

అంతలో టీ వచ్చింది. చక్కెర కలుపుతుంటే బుర్రలో దీపం వెలిగింది. అసలు ఈ చక్కెరంటే గ్లూకోజు ఒక్కటే కాదు కదా. గ్లూకోజు, ఫ్రక్టోజు జంటగా అతుక్కుని ఉంటాయి. పేగు గోడ దగ్గర ఒక ఎంజైము వాటిని విడగొడుతుంది. గ్లూకోజు సోడియాల చేతులు పట్టుకుని తన దారిన పోతుంది. ఫ్రక్టోజుకు, అదే పండ్ల చక్కెరకు, వేరే తలుపు ఉంది. దానికి ఉప్పు అక్కర్లేదు, ఎవరి చెయ్యీ అక్కర్లేదు. టీ ఎక్కడ పడేశానో గుర్తులేదు. కేబుల్ తట్టుకుని పడబోతూ మాస్టర్ దగ్గరికి పరుగెత్తాను.

ఆయన వెంటనే ఒప్పుకున్నారు. గ్లూకోజు వేషం ఇంకో అమ్మాయికి వెళ్లింది. ఈ అమ్మాయికి పండ్ల చక్కెరగా పసుపు గౌను తెచ్చారు. ఆమె దాన్ని చేతిలో పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"మేడం, గిది నిజంగ సైన్సేనా? నేను ఏడుస్తనని గిట్ల అల్లిన్రా?"

పొద్దున ఏం తిన్నావని అడిగితే మామిడిపండు అంది.

"అందులోని ఫ్రక్టోజు నీ పేగు గోడ ఒంటరిగానే దాటింది. అల్లడానికి నాకేం వచ్చు?"

పొట్ట మీద చెయ్యి వేసుకుని నా కళ్లలోకి చూసింది. తర్వాత గౌను మార్చుకుని వచ్చి తన తలుపు ముందు నిలబడింది. నీలం చొక్కాల వాళ్లిద్దరూ అలవాటుగా చెరో పక్కా చేరారు.

జర పక్కకు జరగమని వాళ్లకు తనే చెప్పింది.