రేవులో పెట్టని గంప

బందరు నుంచి గుడివాడకు చేపల గంపలతో వెళ్తున్న మా ఆటో గుడ్లవల్లేరు దాటాక కాలవ మలుపులో బోల్తా పడింది. రెండు వేల సంవత్సరం రాబోతున్న రోజులవి. కార్తీకం వెళ్లిన వారం కాబట్టి, నెలంతా నీచు ముట్టని ఇళ్లవాళ్లు ఎగబడి కొంటారని గంపలు నిండా వేసుకున్నాం. రోడ్డు మీద పడిన చేపలు ముందు ఏరుకుందామని లేవబోయాను. ఎడమ కాలు నాతో రాలేదు. పాదం పక్కకి తిరిగి ఉంది, తిప్పింది నేను కాదు. అప్పుడు భయం వేసింది.

ఆటోలో నాతో ఉన్నది మా ఎదురింటి నాంచారమ్మ. ఆవిడ కుడి మణికట్టు విరిగింది. గుడివాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఇద్దరికీ పక్కపక్క మంచాలిచ్చారు. డాక్టరు గారు ఎక్స్‌రేలు చూసి నాంచారమ్మతో, "ఆరు వారాలు పీఓపీ కట్టు, అంతే," అన్నారు. నాతో, "షాఫ్ట్ ఫీమర్ ఫ్రాక్చర్ అమ్మా, తొడ ఎముక విరిగింది, ప్లేటింగ్ చేయాలి. మూడు నెలలు కాలి మీద వెయిట్ పెట్టకూడదు," అన్నారు. మాలాంటి వాళ్లకి అప్పట్లో ఆస్పత్రి బీమా అన్న మాటే తెలియదు. నా చెవి దిద్దులు, మా ఆయన వల అమ్మితే ఆపరేషన్ అయింది.

నాంచారమ్మంటే నాకు ముందునుంచీ కుళ్లు. దాచి లాభం లేదు. ఆవిడ వీధి మొదట్లో ఒక్క కేక వేస్తే చివరి ఇంటివాళ్లు గిన్నె పట్టుకుని బయటికొస్తారు. నాది పీల గొంతు. గడప గడపకీ వెళ్లి చెప్పుకోవాలి. పక్క మంచం మీద ఆవిడ పడుకుంటే చూడవచ్చేవాళ్లు ముందు ఆవిడనే పలకరించేవాళ్లు. బత్తాయిలు కూడా ఆవిడ దగ్గరే ఎక్కువ పోగయ్యాయి.

మా ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికైనా పెద్ద కష్టం వస్తే ఆ ఇంటివాళ్లు తెల్లారేసరికి రేవులో ఖాళీ గంప పెడతారు. వేట నుంచి వచ్చిన ప్రతి పడవా అందులో తమ చేపలోంచి కొంత వేస్తుంది. వాటిని అక్కడే వేలం పాట పెట్టి, వచ్చిన డబ్బు ఆ ఇంటికిస్తారు. ఊరిపెద్ద ఆస్పత్రికొచ్చి, గంప పెడతారా అని ముందు నాంచారమ్మని అడిగాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, పెడతాం బాబాయ్ అంది. తర్వాత నా వైపు తిరిగాడు.

"మరి నువ్వేమంటావే వెంకాయమ్మా?"

"మాకెందుకు బాబాయ్, మేం ఎట్టాగో బతుకుతాం."

ఆవిడ అడిగిన వెంటనే నేనూ అడగడం నాకు చిన్నతనంగా తోచింది. మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆ మాట ఎంత పని చేస్తుందో నాకు అప్పుడు తెలియదు.

ఇంటికొచ్చాక నా మంచం వసారాలో వేశారు. నాంచారమ్మ వాళ్లు గంప పెట్టిన రోజు ఏ పడవ ఏం వేసిందో దారిన పోయే ప్రతివాడూ నాకు చెప్పి వెళ్లాడు. వంజరాలట, చందువాలట, మోకాలంత పండుగప్పట, అన్నీ ఖరీదు చేపలే. ఒక చేతికే ఇంత పడితే తొడ ఎముకకి ఎంత పడాలి అని ఆ రాత్రంతా లెక్కలు కట్టాను. కాలి నొప్పి కంటే అదే ఎక్కువ సలిపింది.

ఆరు వారాలకి ఆవిడ కట్టు విప్పేశారు. ఏడో వారం గుడివాడ వెళ్లింది. నా వాడుక ఇళ్లకి కూడా తనే చేపలు ఇస్తోందని మా ఆయన వినొచ్చి చెప్పాడు. పదకొండేళ్లు తిరిగి సంపాదించుకున్న ఇళ్లవి. పుండు మీద కారం చల్లినట్టయింది. ఆవిడకి ఊరు సాయం చేసింది కదా, నాకు సర్కారు చేత చేయించుకుంటాను అని పంతం పట్టాను.

నేను తొమ్మిదో తరగతి దాకా చదివాను, అర్జీ నేనే రాసుకున్నాను. అర్జీలు తీసుకునే ప్రతి సోమవారం చంకల కింద కర్రలతో బందరు కలెక్టరాఫీసుకి వెళ్లి వరసలో నిలబడ్డాను. అక్కడివాళ్లు మర్యాదగానే మాట్లాడారు. కానీ ఒకసారి ఆదాయం సర్టిఫికెట్ కావాలన్నారు, ఒకసారి ఆస్పత్రి ఎస్టిమేట్ కావాలన్నారు. తెల్లకార్డేమో మా అత్తగారి పేరున ఉంది. కర్రలు ఒరుసుకుని చంకలు పుండ్లు పడ్డాయి. ఒక్క నిమిషమేగా అని కాలు నేలకి ఆనించేదాన్ని. అలా ఎన్ని నిమిషాలు ఆనించానో నాకే తెలియదు. మూడో సోమవారం వరసలోనే తొడలో ఏదో కదిలినట్టయి కూలబడ్డాను.

కొత్త ఎక్స్‌రేని డాక్టరు గారు వెలుతురుకి పెట్టి చూశారు.

"ప్లేట్ బెండ్ అయింది. యూనియన్ లేదు, ఎముక అతుక్కోలేదు. వెయిట్ పెట్టావా?"

మళ్లీ ప్లేటింగ్ చేసి బోన్ గ్రాఫ్ట్, అంటే వేరే చోటి ఎముక తీసి అతుకు, పెట్టాలన్నారు. నెల లోపల చేయించకపోతే కాలు వంకరగా, పొట్టిగా ఉండిపోతుందని, ఇక గంప ఎత్తే పని మర్చిపోవాలని చెప్పారు. అమ్మడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. బస్సులో మా ఆయన ఆస్పత్రి రోజు తర్వాత మొదటిసారి ఆ మాట ఎత్తి, గంప పెడదామా అని అడిగాడు. పెట్టమని చెప్పి, గుడివాడ నుంచి బందరు దాకా ఏడుస్తూనే వచ్చాను.

వేసవిలో సర్కారు పెట్టే వేట నిషేధం మొదలవడానికి ఇంక వారమే ఉంది. సగం పడవలు అప్పటికే ఒడ్డెక్కి మరమ్మతులో ఉన్నాయి. గంప పక్కన ఇంటివాళ్లు ఉండాలి కాబట్టి స్టూలు వేసుకుని నేనే కూర్చున్నాను. నాకు కట్టు లేదు, కాలు చీర కింద, కర్రలు స్టూలు వెనక ఉన్నాయి. కాలు ఎప్పుడో బాగైందని, మళ్లీ చేపలు కొనడానికే వచ్చానని అనుకుని మొదటి రెండు పడవలవాళ్లు గంప దాటిపోయారు. పిలిచినా నా పీల గొంతు వాళ్లకి అందదు.

నాంచారమ్మ చేపలు కొనడానికి వచ్చి నన్ను చూసి ఆగింది. ఎత్తిపొడుస్తుందనుకున్నాను.

"నాలుగు నెలల నుంచి నీ గంప కోసం చూస్తున్నాం వదినా," అంది. "వద్దన్నవాళ్ల గడపలో చేప వేస్తే ముష్టి వేసినట్టుంటదని ఊరంతా ఆగింది. నువ్వేమో పలకవు."

అని నీళ్ల దాకా వెళ్లి, వచ్చే పడవలకి వినపడేలా నా పేరు చెప్పి కేక వేసింది. దాటిపోయిన రెండు పడవలవాళ్లు వెనక్కొచ్చి వేశారు. ఎక్కువగా కానాగంతల్లాంటి తక్కువ రేటు చేపలు. పండుగప్ప ఒక్కటీ పడలేదు, అది కూడా గమనించాను. గంప నిండాక పాట కూడా తనే పెట్టింది. నా కోసం అరుస్తున్న ఆ గొంతు విని కూడా, అది నాకెందుకు లేదా అని కుళ్లుకున్నాను. సిగ్గుతో చస్తూనే కుళ్లుకున్నాను.

ఆ పాట డబ్బుతో రెండో ఆపరేషన్ వారంలోపే అయింది. ఈసారి డాక్టరు గారు వెయిట్ పెట్టమనే దాకా, ఐదు నెలలు, మంచం దిగలేదు. అర్జీ డబ్బు ఆ తర్వాతెప్పుడో కొంత వచ్చింది, మందుల బాకీ తీరింది.

ఇది జరిగి ఆరేళ్లు. ఎడమ కాలు అర అంగుళం పొట్టి, ఆ చెప్పుకి అడుగు ఎత్తు వేయించుకున్నాను. వీధులు తిరగలేను కానీ గుడివాడ మార్కెట్లో ఒకచోట కూర్చుని అమ్ముతాను. నాంచారమ్మ నా వాడుక ఇళ్లు తిరిగిస్తానంది. నడవలేని కాలితో ఆ ఇళ్లు నేనేం చేసుకోను, ఉంచుకోమన్నాను. ఇప్పటికీ ఆవిడ గంప నాకంటే ముందు ఖాళీ అయితే ఆ పూట నాకు అన్నం సయించదు.

ఇది చదివేవాళ్లలో మంచం మీద ఉన్నవాళ్లకి ఒక్కటే చెప్తాను. కట్టు కనపడుతున్న రోజుల్లోనే సాయం అడగండి, కట్టు విప్పాక బాధ ఎవరికీ కనపడదు. ఏమైనా కావాలా అని ఎవరైనా వచ్చి అడిగితే, పక్క మంచం వైపు చూడకుండా, కావాలని చెప్పండి.