చెయ్యెత్తితే ఆగే బస్సు

ఆన్సెల్మ్ ప్రతి గురువారం బడిపిల్లల బస్సెక్కి, పట్నం ఆసుపత్రిలో మంచం పట్టిన భార్య ఒడెట్ దగ్గరికి వెళ్తాడు. మా ఊరికి అదొక్కటే బస్సు, అదీ చెయ్యెత్తితేనే ఆగుతుంది. ఇస్త్రీ చొక్కా, జేబులో ఒక పియర్ పండు, మడతచాకు. పండు ఆమెకి తనే చెక్కి పెడతాడు. నర్సులు తొక్కతో పాటు సగం పండూ చెక్కేస్తారని ఆయన గొణుగుడు.

సమాధుల పండగకి బడికి సెలవులిచ్చినా, గురువారం వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాడు.

"బడి లేకపోతే బస్సెక్కడిదయ్యా ముసలాడా? ఇంటికి పో!" అంది రొట్టెల కొట్టు లియోనీ.

"మా ఆవిడ రోగానికీ సెలవులిచ్చారా ఏమే?" అని, బీట్‌దుంపల పొలాల వెంట వానలో నడిచే వెళ్లాడు. ఆసుపత్రి చేరేసరికి ఒడెట్ పోయింది, మంచం మీద దుప్పటి కూడా మార్చేశారు.

బడి తెరిచాక, గురువారం, బస్సు కనబడగానే చెయ్యెత్తాడు. తలుపు తెరుచుకుంది.

"ఎక్కు, తాతా!" అన్నాడు డ్రైవరు.

ఆన్సెల్మ్ ఎక్కలేదు. ఎత్తిన చెయ్యి దించనూ లేదు.