దగ్గు రాకుండా లేపిన డాక్టరమ్మగారు

ఆపరేషన్లకి మత్తిచ్చే మా డాక్టరమ్మగారు పోయారు. గురువారం పొద్దున్న, పాలకొల్లులో కూతురి ఇంట్లో. కబురు చెప్పింది పేపరు కాదు, రాజమండ్రి బస్టాండులో కనబడ్డ, ఆవిడ ఆస్పత్రిలోని పాత కాంపౌండరు. పోయిన నెల, ఆవిడతో పనిచేసిన సర్జను గారికి సన్మానం జరిగితే అదే పేపరు శాలువాతో సహా సగం పేజీ వేసింది. ఈవిడకి నాలుగు లైన్లు దొరకలేదు. కోసినవాడికి దండ, కోసినంతసేపూ ప్రాణం పట్టుకు కూర్చుని, మనిషిని మళ్లీ లోకంలోకి తెచ్చినావిడకి ఏమీ లేదు. ఇదేం న్యాయమండీ?

ఏడేళ్ల క్రితం మా అక్కకి తలలో గడ్డ ఉందన్నారు. డాక్టరమ్మగారి ఆస్పత్రిలోనే చేర్చాం. అక్క ఆపరేషనుకి రెండు రోజుల ముందు పక్క మంచం మీది వ్యవసాయ కూలీకి అలాంటి ఆపరేషనే అయింది. ఆ రోజు మత్తిచ్చింది ఈవిడ కాదు. బయటికి తెచ్చేసరికి అతను గొంతులో గొట్టంతో దగ్గుతూ, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాడు. ఆయా చెంపలు చరుస్తూ "లే, లే, కళ్లు తెరువ్!" అని అరుస్తోంది. మేమంతా ఏం చేశామంటారా? సంతోషించాం. "కొట్టుకుంటున్నాడంటే గట్టి పిండమే" అన్నది నేనే. ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చే నేను! సాయంత్రానికి తలలో రక్తస్రావమై అతను పోయాడు. ఆయుష్షు తీరిందన్నారు సర్జను గారు.

మర్నాడు అక్కని చూడటానికొచ్చిన డాక్టరమ్మగారి దగ్గర నేనూ అదే మాటన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఆయుష్షు కాదండి, దగ్గు. దగ్గితే బీపీ ఎగురుతుంది. అప్పుడే అతుక్కున్న రక్తనాళం ఆ పోటుకి ఆగుతుందా? అది విధి కాదు, తొందర."

నిద్రపుచ్చడం సగం పనేనని, లేపడమే అసలు విద్య అని ఆవిడ అంటూండేవారు. థియేటర్లోకి వెళ్లేముందు గాజులు తీసి సంచిలో వేసుకునేవారు. లోపల స్టీలు ట్రే చప్పుడు చేసిన సిస్టరుకి ఆ రోజు మూడినట్టే. స్టెతస్కోపు బిళ్లని అరచేతిలో రుద్ది వెచ్చబెట్టనిదే ఒంటికి తాకించేవారు కాదు. వెనకాల అందరూ "మెత్తని రాకాసి" అనేవారు. ఆవిడకీ తెలుసు. నవ్వేవారు.

రోగిని మత్తులోంచి పిలవడానికి ఇంటి మనిషి గొంతు ఒక్కటే ఉండాలనేది ఆవిడ పట్టు. మా బావగారిని రమ్మన్నారు. ఆయన బెల్లం మార్కెట్లో వేలంపాట అరిచే మనిషి.

"నా గొంతుకి గోడౌన్లో పావురాలు లేచిపోతాయండి డాక్టరమ్మగారూ!"

"అందుకే ఇవాళే సాధన చెయ్యండి. ఉయ్యాల్లో బిడ్డ పడుకుంటే మీ ఆవిడతో ఎలా మాట్లాడేవారు?"

"అప్పుడూ అరిచేవాణ్ణేనండి."

ఆపరేషను రోజు థియేటరు తలుపు దగ్గర నిలబడి విన్నాను.

"కుట్లయిపోయాయి కదమ్మా, గబగబా లేపండి. ఇంకో కేసుంది," అంటున్నారు సర్జను గారు.

"తల తెరిచి మూసిన మనిషండి. దులిపి లేపడానికి గోనెసంచి కాదు."

"అరగంట దండగ."

"మీ కత్తికి నాలుగు గంటలిచ్చాను. నాకు అరగంట ఇవ్వలేరా? కాదంటే మీరే లేపి, మీరే సంతకం పెట్టండి."

సర్జను గారు గ్లౌజులు విప్పుకుంటూ బయటికొచ్చేశారు.

లోపల ఆవిడ ఏం చేశారో కాంపౌండరు తర్వాత చెప్పాడు. కుట్ల చుట్టూ మొద్దుబార్చే సూది. మత్తులో ఉండగానే గొంతులో ఊరిన కఫం లాగేయడం. గొట్టం తీసేముందు దగ్గు అణిచే మందు. ఇవేమీ మాయలు కావు, విదేశీ యంత్రాలు కావు. ఓపిక కావాలి, అంతే. అది కరువై ఆ కూలీ పోయాడు. ఈ సంగతి అతని భార్యకి ఈనాటికీ ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

కాసేపటికి బావగారికి గౌను తొడిగి మంచం పక్కన నిలబెట్టారు. ఆయన వంగి ఏదో అన్నారు. తలుపు సందులోంచి చూస్తున్న నాకు వినబడలేదు. అక్క దగ్గలేదు, ఉలిక్కిపడలేదు. ఎప్పుడు మేలుకుందో కూడా తెలియలేదు; చూసేసరికి కళ్లు తెరుచుకుని ఉన్నాయి, బావగారి వంకే చూస్తోంది. డాక్టరమ్మగారు మాత్రం ఆమె నాడి మీంచి వేళ్లు తియ్యకుండా, గడియారం చూసుకుంటూ ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు.