కుక్క కరిచిందని చెప్పాం

నేను ఒక మనిషిని కరిచాను. రక్తం వచ్చేదాకా, నా దవడ నొప్పి పుట్టేదాకా కరిచాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు.

మా నాన్న కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. పాతబస్తీ శాలిబండలో అద్దెకుండేవాళ్లం. డిగ్రీలో తప్పిన రెండు పేపర్లు మళ్లీ రాసి, ఫలితాల కోసం ఊరికే కూర్చున్న రోజులవి. రెండువేల ఐదో, ఆరో. వీధి చివర ఒక వీడియోగేమ్ దుకాణం ఉండేది. రెండు టీవీలు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గుమ్మానికి పచ్చ పరదా. నడిపే ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్లం.

అక్కడ దొరికిన స్నేహితుడు నాకంటే ఏడాది చిన్న. పక్క సందులో వాళ్లన్నకు వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసేవారు. తండ్రి పోయాక వాణ్ణి పెంచింది అన్నే, కొట్టిందీ అన్నే. అన్న మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోగానే వీడు పని వదిలి వచ్చేసేవాడు. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు, వాటి మధ్య పైపు దెబ్బల వాతలు. అవేంట్రా అని అడిగితే, "అన్న గద, గట్లనే కొడ్తడు" అనేవాడు, ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా.

మేం ఒకటే ఆట ఆడేవాళ్లం. మిగతా ఆటల్లో జాంబీలను కాల్చి చంపాలి. ఇందులో జాంబీలం మనమే. చిరిగిన కోటు వేసుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ ఊరి మీద పడాలి. పోలీసును కరిచినా, పెళ్లికొడుకును కరిచినా కిందపడి గిలగిలా కొట్టుకుని, లేచి బట్టలు దులుపుకుని బుద్ధిగా మన వెనకాలే నడిచి వచ్చేవాడు. తుపాకీ దెబ్బకు మన చెయ్యి ఊడిపోతే, ఆ చెయ్యి తీసుకునే కాల్చినవాడి నెత్తి మీద మోదవచ్చు. మెదడు తిన్నాక జాంబీ గట్టిగా త్రేన్చేది. ఆ త్రేన్పుకు నా స్నేహితుడు కుర్చీలోంచి జారిపోయేంత నవ్వేవాడు.

"ఎన్ని దెబ్బలు తిన్నా వానికి నొస్తనే లేదు చూడు" అనేవాడు.

ఒకరోజు వాళ్లన్న గంట ముందే తిరిగొచ్చాడు. సాయంత్రానికి ఇవ్వాల్సిన గేటు సగంలో ఉంది, షాపులో ఎవరూ లేరు. నేరుగా దుకాణానికి వచ్చి పరదా లాగేశాడు. చేతిలో మూరెడు ఇనుప పైపు.

మొదటి దెబ్బ నా స్నేహితుడి భుజం మీద పడింది. రెండోదానికి వీడు చెయ్యి అడ్డం పెట్టాడు, వేలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మూడోది నుదుటి మీద. కుర్చీతో సహా కింద పడ్డవాణ్ణి జుట్టు పట్టి లేపి మళ్లీ కొట్టాడు. భాయ్ టీవీని రెండు చేతులా పొదువుకుని, "దుకాణ్ మే నక్కో, బాహర్ జావ్" అంటూ, దుకాణంలో వద్దు, బయటికి పొమ్మని బతిమాలుతున్నాడు. నేను వెనక నుంచి ఆయన్ని పట్టుకున్నాను. మోచేత్తో నా నోటి మీద గుద్దాడు. ముందు పన్ను సగం విరిగింది. తల తిప్పేసరికి ఆయన ముంజెయ్యి నా మూతి ముందే ఉంది.

కరిచాను. చెమట ఉప్పు, ఇనుప పొడి, తర్వాత వెచ్చగా రక్తం. ఆయన రెండో చేత్తో నా నెత్తి మీద పిడిగుద్దులు గుద్దుతున్నాడు. నేను వదల్లేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు చాలా హాయిగా ఉంది. చివరికి నా జుట్టు పట్టి లాగింది నా స్నేహితుడే. కళ్లలోకి రక్తం కారుతూ, "ఇడువురా, మా అన్నరా ఆయన, ఇడువు" అన్నాడు.

భాయ్ ఆటో ఆపి ముగ్గుర్నీ ఒక్కదాంట్లోనే ఎక్కించాడు. సర్కారు దవాఖానలో డాక్టరమ్మ, "ఏం కరిచింది?" అని అడిగింది.

"కుక్క" అన్నాడు అన్న.

ఆమె గాయం చూసింది. వాచిన నా మూతి చూసింది. "ఏ కుక్క?"

"గల్లీ కుక్కనే మేడం."

"అయితే ఐదు సూదులు. ఒక్కటి కూడా తప్పకూడదు."

"ఏస్కుంట."

ఒక కుర్రాడు కరిచాడని ఒప్పుకోవడం కంటే ఆయనకు ఐదు సూదులే తేలికనిపించాయి. నా స్నేహితుడికి నుదుటి మీద నాలుగు కుట్లు, వేలికి కట్టు. కుక్కకు బెదిరి పడ్డామని మేమిద్దరం చెప్పాం.

మూడో రోజు షాపుకు వెళ్లాను. అన్న చెయ్యి చీము పట్టి వాచింది, వెల్డింగ్ రాడ్డు పట్టలేడు. కట్టు కట్టిన వేలితో వీడే పని చేస్తున్నాడు. నన్ను చూసి కూడా ఆపలేదు.

"చంపేస్తుండె కదరా నిన్ను. కాపాడదామనే..." అన్నాను.

వెల్డింగ్ అద్దం మొహం మీంచి తీశాడు. "మా అన్న నన్ను చంపడు. నువ్వు కరుస్తుంటె నీ కండ్లు చూసిన నేను. ఆటల నవ్వినట్టె నవ్వుతున్నయ్. పో ఈడికెళ్లి."

నేను వచ్చిన దారినే ఇంటికి పోయాను.

విచిత్రంగా, మిగిలిన సూదులకు అన్న నన్నే పిలిచాడు. "తమ్మునికి పనుంది. నువ్వు జేసినవ్, నువ్వే తీస్కపో" అన్నాడు. బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని వెళ్లేవాళ్లం. ఒకసారి వరసలో ఉన్న ముసలాయన ఆయన్ని అడిగాడు, "కుక్క బతికుందా బిడ్డా? పది దినాలు దాన్ని చూడాలె, సస్తదా ఉంటదా అని."

అన్న నావైపు చూశాడు. "ఉన్నది బాపు. మంచిగనే తింటుంది."

నాకు నవ్వు రాలేదు. ఆయనా నవ్వలేదు.

నెలన్నరకు అన్న చెయ్యి నయమైంది. ఆ వారంలోనే తమ్ముణ్ణి మళ్లీ కొట్టాడు. నేను భాయ్ దుకాణంలో ఒక్కణ్ణే ఆడుకుంటున్నాను. పక్క సందులోంచి పైపు చప్పుడు, తర్వాత వాడి గొంతు వినిపించాయి. భాయ్ నన్ను చూశాడు. నేను లేవలేదు. చప్పుడు ఆగేదాకా టీవీ తెర వైపే చూస్తూ కూర్చుని, ఆగాక ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను. మరుసటి ఏడాది నాన్నకు మళ్లీ బదిలీ అయ్యేదాకా ఆ సందులోంచి నడవకుండా చుట్టూ తిరిగి పోయేవాణ్ణి.