ఒక అంకె వినపడలేదు

దెయ్యాలూ గియ్యాలూ అంటే నేను నవ్వే రకం. దోహాలో షిప్పింగ్ కంపెనీ గుమాస్తాకి నిద్రకే టైముండదు, ఇక వాటికెక్కడిది? అయినా ఆ శుక్రవారం సంగతి మాత్రం నాకు మింగుడుపడదు.

తొంభైల మధ్యలో మాట. మేం దోహాలోనే అల్ తుమామా అనే పేటలో ఉండేవాళ్ళం. మా తమ్ముడు గోపి మా కంపెనీ సరుకుల బోటులోనే పనిచేసేవాడు. వాణ్ణి ఆ పనిలో పెట్టించింది నేనే. గాలిదుమారంలో ఆ బోటు కనపడకుండా పోయింది. రేడియోలో పిలిస్తే జవాబు లేదు. కోస్ట్‌గార్డ్ వాళ్ళు వెతికి వెతికి అలిసిపోయారు. నేను రోజూ ఆఫీసులో పడిగాపులు పడి, కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి. అమ్మకి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలిసేది కాదు.

అప్పుడు మా మామయ్యగారు విజిట్ వీసా మీద మా దగ్గరే ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో, కుర్రతనంలో, ఆయన ఢిల్లీలో శత్రువుల రహస్య సందేశాలు పట్టే సెక్షన్‌లో పనిచేశారు. వీళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని జపానువాళ్ళు చుక్కలూ గీతలుగా కొట్టే మోర్సు విని రాసిస్తే, పక్క గదిలో లెక్కలు తెలిసినవాళ్ళూ, ఆ భాష వచ్చినవాళ్ళూ దాని గుట్టు విప్పేవారు. బయట నోరు విప్పకూడదని ఒట్టు. అంతకుమించి ఆయన అత్తయ్యగారికి కూడా చెప్పలేదు. ఆ ఒట్టు వేయించుకున్న దొరలు పోయి ఎన్నేళ్ళయింది నాన్నా అని మా ఆవిడ శారద వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకునేవారు.

ఆయన కాలక్షేపానికని ఓడలోంచి తీసేసిన పాత రిసీవరొకటి ఆఫీసు నుంచి తెచ్చిచ్చాను. ఆ శుక్రవారం భోజనాలయ్యాక నేను సోఫాలో వాలిపోయాను. ఆయన నా భుజం పట్టుకుని కుదిపారు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. సెట్లో టిక్కుటిక్కుమని మోర్సు నాకూ వినపడింది. కాసేపటికి ఆగిపోయింది.

మా బోటు పేరూ, దాని వెనకే సముద్రంలో అదున్న చోటు తాలూకు అక్షాంశ రేఖాంశాల అంకెలూ వచ్చాయన్నారు. చివరి అంకె మాత్రం గరగరలో పోయిందట. ఊహించి ఏదో ఒకటి చెప్పండని చేతులు పట్టుకుని బతిమాలాను. విసుగొచ్చి అరిచాను కూడా.

"వినపడనిది రాయకూడదు బాబూ. మా సెక్షన్‌లో మొదట నేర్పేది అదే. ఊహించి రాస్తే మనుషులు పోతారు."

మా ఆఫీసు కెప్టెన్ మలయాళీ. ఇది ఎవరు పంపారు, ఎలా వచ్చిందని అడిగే ఓపిక ఆయనకీ లేదు. వెతకని చోటు ఇంకేం మిగిలింది, యల్లా, పదండి అని లాంచీ పంపించాడు. చివరి అంకె తెలియదు కాబట్టి అది ఒక్క చోటికే పోకుండా మ్యాపు మీద గీత గీసుకుని ఆ పొడుగునా పోయింది. గీత కొసన దొరికారు. పెదాలు పగిలి, మాట పెగలక, గోపీతో సహా అందరూ బతికే ఉన్నారు.

ఆస్పత్రిలో గోపి చెప్పాడు, బోటులో మోర్సు వచ్చినవాడే లేడని. ఉన్న ఒక్క రేడియో మొదటి కెరటానికే నీళ్ళపాలైంది. కంపెనీ రేడియో రూంలో గానీ, కోస్ట్‌గార్డ్‌లో గానీ ఆ పూట ఎవరూ అలాంటిదేదీ వినలేదు.

ఇంటికొచ్చి ఇదంతా చెప్తే మామయ్యగారు ఆశ్చర్యపోలేదు. మంచం మీద కూర్చుని, అన్నేళ్ళ ఒట్టు పక్కనపెట్టి మాట్లాడారు. మోర్సు కొట్టే ప్రతివాడి చెయ్యీ వేరట. మోర్సులో సున్నా అంటే ఐదు గీతలు; బర్మాలో ఒక జపానువాడు అది కొట్టేటప్పుడు చివరి గీత సాగదీసేవాడట. రోజూ వాణ్ణే వినీ వినీ వీళ్ళు వాడికి కుంటోడని పేరు పెట్టుకున్నారు. వాడికి ఒంట్లో బాగోలేకపోయినా వీళ్ళకి తెలిసిపోయేదట. చివరికి వాడి సందేశాల గుట్టు విప్పే, వాడెక్కడున్నాడో కనిపెట్టారు. విమానాలెళ్ళి బాంబులు వేశాయి. మళ్ళీ కుంటోడు వినపడలేదు.

"ఇది కొట్టింది వాడే బాబూ. ఆ చెయ్యి మర్చిపోతానా? వాడి చోటు మేం పట్టిచ్చి చంపించాం. వాడు మన గోపి చోటు చెప్పాడు."

అంటూ ఏడ్చారు. ఆయన ఏడవగా నేను చూడ్డం అదే మొదటిసారి. నాకూ ఏడుపాగలేదు.

దార్లో వెళ్ళే ఓడేదో చూసి పంపిందేమో అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. మరి ఇంకెవరికీ ఎందుకు వినపడలేదో తెలియదు. గోపీకిప్పుడు ఇద్దరు పిల్లలు. వాళ్ళని చూసినప్పుడల్లా చేతులు జోడించాలనిపిస్తుంది. ఎవరికో తెలియదు.