ఎర్ర ఉన్ని మీద కత్తెర

ఉత్తరాన చలి సముద్రం మధ్య ఉన్న మా యెల్ దీవిలో స్వెటర్లు అల్లడం రాని ఆడవాళ్ళు తక్కువ. అల్లిన దాన్ని నిలువునా కోసే ధైర్యం ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ. మా చుట్టుపక్కల ఆ పని ఓస్లా హాల్‌క్రోది.

ముందు తెరుచుకునే కార్డిగన్‌ను కూడా మేం గొట్టంలా చుట్టూ తిప్పుకుంటూ అల్లుతాం. అలా అయితే పూలూ నక్షత్రాలూ ఎప్పుడూ కంటి ముందే ఉంటాయి, తిరగేసి అల్లాల్సిన వరస రాదు. మెడ దాకా అల్లాక, అందుకోసమే ఛాతీ మధ్యలో వదిలిన పట్టీ మీద కత్తెర పెట్టి కిందినుంచి పైకి కోస్తారు. మా గొర్రెల ఉన్నికి నూగు ఎక్కువ. పక్కపక్క పోగులు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి గనక కోసినా జారవు. ఇది అందరికీ తెలుసు. తెలిసినా, నెలల తరబడి అల్లిన దాని మీద కత్తెర ఆనించాలంటే చేయి ముందుకు పోదు. అందుకే అందరూ ఓస్లా దగ్గరికి తెచ్చేవారు.

ఆమె సూదులు పట్టింది చిన్నతనంలోనే. తల్లి పొయ్యిలోకి పీట్ మట్టిగడ్డల బుట్ట వీపున మోస్తూ, నడుస్తూనే అల్లేది. వెనక ఈమె అల్లుతూ నడిచేది. పెళ్ళయ్యాక పగలు ఫ్యాక్టరీలో మంచు మీద చేపలు కోసింది, సాయంత్రాలు అల్లింది. భర్త గిబ్బీ ఫెర్రీ మీద తాళ్ళు విసిరే పని చేస్తూ చేస్తూ పోయాడు. ఇప్పుడు కొడుకు మాగ్నస్ ఆ పనిలో ఉన్నాడు. ఓస్లా మనిషి పొడుగు, మాట పొట్టి. డిజైన్ కాగితం మీద గీసుకోదు. రంగుల ఉండలు నేల మీద పడేసి, కళ్ళు చికిలించి చూసి, నచ్చనిదాన్ని కాలితో పక్కకు తోస్తుంది. మిగిలినవే స్వెటర్.

ఆ ఏడాది వసంతంలో ఆమె వేళ్ళ కొసలు మొద్దుబారాయి. వేడి కెటిల్‌కు చేయి ఆనించి, చర్మం కాలిన వాసన వచ్చేదాకా తెలుసుకోలేదు. ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు చీకట్లో కబుర్లు చెబుతూ అల్లే మనిషి, ఇప్పుడు పట్టపగలు కూడా దీపం పెట్టుకుని ప్రతి కుట్టూ చూసి అల్లసాగింది. కళ్ళు తగ్గాయని చెప్పింది. ఈ వయసులో కళ్ళు తగ్గడం ఎవరికైనా ఉన్నదే. వేళ్ళు పోయాయంటే మాత్రం కత్తెర ఇంకొకరి చేతికి పోతుంది.

"ఈ దీపం చూసి ఫెర్రీ దారి తప్పి మన వాకిట్లోకి వచ్చేస్తుంది వదినా," అని గిబ్బీ చెల్లెలు బాబీ ఎగతాళి చేసేది.

"వస్తే నిన్నెక్కించి పంపేస్తా," అనేది ఓస్లా.

మాగ్నస్ భార్య కిర్‌స్టెన్ ఇంటి వెనక షెడ్డులో ఉన్నికి రంగులు వేస్తుంది. బండల మీద గీకిన రాతిపువ్వుతో తుప్పురంగు, ఉల్లిపొట్టుతో పసుపు, నీలిమందుతో సముద్రం రంగులన్నీ తీస్తుంది. ఆ శరదృతువులో లెర్విక్ పట్నంలో జరిగే ఉన్ని ప్రదర్శనలో ఆమెకు మొదటిసారి చోటు దొరికింది. ఉన్ని ఒక్కటే పెడితే కుదరదు, దానితో అల్లిన సెట్టు కూడా ఉండాలన్నారు. టోపీ, చేతి తొడుగులు ముందే వెళ్ళాయి. ఓస్లా కార్డిగన్ అల్లడం ముగించేసరికి ఒక్క రోజే మిగిలింది, మర్నాడు మధ్యాహ్నం ఫెర్రీకి అది వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ చోటు వెనక కాచుకుని ఉన్నవాళ్ళకు ఇచ్చేస్తారు. కోశాక అంచులు అల్లాలి, గుండీలు కుట్టాలి. అంటే కోత ఆ ఉదయమే జరగాలి.

కార్డిగన్ వంటింటి బల్ల మీద పరుచుకుని ఉంది. నీలం, తెలుపు, తుప్పురంగు, ఛాతీ మీద వెడల్పుగా ఎరుపు. బాబీ రొట్టె మీద వెన్న రాసుకుంటూ చూడటానికి కూర్చుంది.

"అత్తయ్యా, ముందు రెండు వైపులా మిషన్ కుట్టు వేసేద్దామా?" అంది కిర్‌స్టెన్.

"మిషనా? ఎందుకూ?"

"ఊరికే. జాగ్రత్తకి."

"నేను పుట్టాక మిషన్ కుట్టు వేసి కోసిందాన్ని చూళ్ళేదు."

"మా అమ్మ వినుంటే సమాధిలోంచి లేచొచ్చేది," అంది బాబీ నోటి నిండా రొట్టెతో.

కిర్‌స్టెన్ ఇంకేదో అనబోయి, బాబీ వైపు చూసి మానేసింది.

ఓస్లా కత్తెర తీసుకుంది. ఎడమచేతి వేలు గొట్టం లోపలికి దూర్చింది. వెనక పొర కత్తెరకు తగలకుండా ఆ వేలే కాపలా. ఇప్పుడు దానికి ఏమీ తెలియడం లేదు. ఆమె తల వంచి, ముక్కు ఉన్నికి తగిలేంత దగ్గరగా చూస్తూ కోసింది. నీలం తెగింది. తెలుపు తెగింది. కోసిన కొసలు ఎక్కడివక్కడే బుద్ధిగా నిలబడ్డాయి. బాబీ నమలడం ఆపింది.

తర్వాత ఎరుపు వచ్చింది. కత్తెర నాలుగు వరసలు దాటిందో లేదో, తెగిన కొసలు తలలెత్తాయి. పక్క కుట్టులోంచి ఒకటి జారింది, దాని వెనక ఇంకొకటి. ఓస్లా చూపు కత్తెర మొన మీదే ఉంది. కింద జరుగుతున్నది ఆమెకు కనపడలేదు, వేలికి తగలలేదు.

"ఆపండత్తయ్యా!"

కిర్‌స్టెన్ రెండు బొటనవేళ్ళతో ఆ చోటు అదిమి పట్టింది. వేళ్ళ మధ్యనుంచి ఇంకో ఎర్ర పోగు పైకి పాకింది.

"అది మన ఉన్ని కాదు," అంది, ఏడుపు ఆపుకుంటూ. "దక్షిణం నుంచి తెప్పించా. ఉతికినా ముడుచుకోకుండా, నూగు తీసేసి నున్నగా చేసిన రకం. మన ఉన్ని మీద ఎన్నిసార్లు వేసినా ఆ ఎరుపు ఇటుకరంగులో తేలింది."

"నాతో చెప్పలేదేం?"

"మీకు చెప్పేదేముంది, పట్టుకుంటే తెలిసేదే కదా! బుట్టలో పెట్టి, ఎప్పుడు నా మొహాన కొడతారా అని రోజూ చూశా. మీరు కిక్కురుమనకుండా అల్లేశారు. ఒప్పుకున్నారనుకున్నా."

బాబీ మిగిలిన ఎర్ర ఉండ అందుకుని వేళ్ళతో నలిపింది. "సబ్బులా జారిపోతోంది. నీకు తెలియకపోవడమేంటి వదినా?"

"కళ్ళు తగ్గాయని చెబుతూనే ఉన్నాగా."

"దీనికి కళ్ళెందుకు? నేను కళ్ళు మూసుకుని చెబుతా."

ఓస్లా డబ్బాలోంచి పోగెక్కించి ఉన్న సూది తీసి, జారుతున్న కుట్ల మీదికి వంగింది. రెండు వేళ్ళూ చేరి ఉంటే సూది వాటి మధ్య ఉన్నట్టేనని ఆమె లెక్క. చేయి ఉన్ని మీదికి వెళ్ళింది, లేచింది, మళ్ళీ వెళ్ళింది. సూది ఎప్పుడో జారి ఒళ్ళో పడింది. ఆమె ఖాళీ వేళ్ళతో కుడుతోంది.

కిర్‌స్టెన్ చూసింది. బాబీ చూసింది. చివరికి ఓస్లా కూడా తన వేళ్ళ వైపు చూసుకుంది.

"చచ్చిపోయాయి ఇవి," అంది. "వసంతం నుంచి."

"వదినా..."

"తర్వాత ఏడుద్దువు గాని. ముందు చేతికున్న వెన్న తుడుచుకుని వచ్చి ఇక్కడ అదిమిపట్టు. కిర్‌స్టెన్, సూది నా ఒళ్ళో ఉంది, తీసుకో. అందులో ఉన్నది మన ఉన్నే. ముందుకో కుట్టు, వెనక్కో కుట్టు. గట్టిగా. లాగొద్దు, లాగితే ముడతపడుతుంది."

కిర్‌స్టెన్ కుట్టింది. ఓస్లా భుజం పక్కన నిలబడి, ఎక్కడ పొడవాలో, ఎక్కడ ఆగాలో చెప్పింది. "అది వదిలేశావు. కిందిది. దాని కింద." జారిన కుట్లను ఒక్కొక్కటే కొక్కెంతో పైకి లాగించింది. కోసిన మేరకు అంచులు కట్టుబడ్డాక, కోయని భాగానికి కూడా రెండు వైపులా మెడ దాకా కుట్టు వేయించింది. టీ చల్లారింది. ఎవరూ తాగలేదు.

అప్పుడు కత్తెరను కోడలి ముందు పెట్టింది.

"నా వల్ల కాదత్తయ్యా."

"నా వల్లా కాదు. ఇక మిగిలింది బాబీ. అది రొట్టె కోసినా వంకరే."

"అవును, వంకరే," అంది బాబీ. ఈసారి ఎదురు వాదించలేదు.

కిర్‌స్టెన్ కత్తెర పట్టుకుంది. ఊపిరి బిగబట్టి మెడ దాకా కోసింది. రెండు పక్కలూ విడిపోయి బల్ల మీద తెరుచుకున్నాయి. ఒక్క పోగు కూడా కదల్లేదు.

మర్నాడు మాగ్నస్ దాన్ని ఫెర్రీలో తీసుకెళ్ళాడు. ఎరుపు దగ్గర ఎడమ అంచు కొద్దిగా ముడతపడింది, వెతికే కన్నుకి దొరుకుతుంది. ప్రదర్శనలో జనం ఆ ముడత చూడలేదు. అందరూ అడిగింది ఆ ఎరుపునే. ఇంటికొచ్చి ఆ మాట చెప్పడానికి కిర్‌స్టెన్‌కు రెండు రోజులు పట్టింది. ఓస్లా విని, "అయితే ఆ ఉన్నికే రంగు వెయ్యి. కొనేవాళ్ళకి అదేంటో చెప్పి అమ్ము," అంది.

ఓస్లా వేళ్ళ సంగతి లాంటి కబురు మా దీవిలో దాగదు. ఆ శీతాకాలం కొందరు తమ స్వెటర్లు కోయించుకోవడానికి పక్కనున్న అన్స్ట్ దీవికి వెళ్ళారు. ఫిబ్రవరిలో మా దీవికే ఉత్తరాన ఉన్న కల్లివో ఊరి నుంచి ఒకావిడ సంచీలో కోయని స్వెటర్ గొట్టం పెట్టుకుని వచ్చింది. కిర్‌స్టెన్ చేతులు తుడుచుకుంటూ షెడ్డులోంచి రావడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీరే కోస్తారనుకున్నానమ్మా," అంది ఓస్లాతో.

"నా కోడలు కోస్తుంది. నేను చూస్తా. నమ్మకం లేకపోతే, నీ కారింజనింకా చల్లారలేదు."

ఆవిడ కారు వైపు ఒకసారి చూసింది. తర్వాత కోటు విప్పింది.